చిత్తూరులో ప్రింటింగ్ ప్రెస్ రివ్యూ: మా వదిన కౌన్సిలర్‌గా నిలబడినప్పుడు కరపత్రాలు వేయించిన చోటు

మళ్ళీ మున్సిపల్ ఎన్నికల మాటలు మొదలైనాయి, మా కుప్పంలో టీ కొట్టు కాడ నిలబడితే చాలు ఏ వార్డుకి ఎవరు నిలబడతారో పేర్లు వినపడతాయి. ఇద్దరు ముగ్గురు నన్ను అడిగినారు, మీ వదిన పోటీ చేసినప్పుడు పాంప్లెట్లు ఎక్కడ వేయించినారప్పా, చానా నీట్‌గా వచ్చినాయి గదా అని. ఒక్కొక్కరికి ఫోన్లో చెప్పేదానికంటే ఇక్కడ రాసేస్తే అందరికీ పనికొస్తుంది. షాపు పేరు మాత్రం రాయడం లేదు, ప్రెస్ పెద్దాయన్ని అడిగితే నా పేరు ఫోన్లలో తిప్పొద్దు నాయనా అన్నాడు, ఆయన మాట కాదనలేను. చిత్తూరు గాంధీ విగ్రహం దగ్గర దిగి, లోపలి సందులోకి పోతే పాత ప్రెస్సులు నాలుగైదు వరసగా ఉంటాయి, బయట కటింగ్ మిషన్ కనపడేది ఒకటే ఉంటుంది, అదే.

ముందు సంగతి చెప్పాలి. మాది మొదట్లో పంచాయతీనే. చుట్టుపక్కల పల్లెలు కొన్ని కలిపి మున్సిపాలిటీ చేసినాక 25 వార్డులు అయినాయి, మొట్టమొదటి ఎన్నిక 2021 నవంబర్ 15న జరిగింది. మన రాష్ట్రంలో లోకల్ బాడీల్లో సగం సీట్లు ఆడవాళ్ళవి కదా, మా వార్డు జనరల్ మహిళకి వచ్చింది. మా వదిన పొదుపు సంఘంలో పదేళ్ళు లెక్కల పుస్తకం రాసింది, బ్యాంకు మేనేజర్ దగ్గరికి పోయి లోన్ గురించి నిలబెట్టి అడిగే మనిషి, సంఘంలో ఆడవాళ్ళే నువ్వు నిలబడక్కా అని పట్టుబట్టినారు. పార్టీ టికెట్ ఏమీ లేదు, ఇండిపెండెంట్. గుర్తు ఏ ఇంటి వంటగదిలో చూసినా ఉండే వస్తువే వచ్చింది, అది మా అదృష్టం అనుకున్నాం. గుర్తులు ఇచ్చేసరికి పోలింగ్‌కి వారం మాత్రమే ఉంది. ఆ వారంలోనే డిజైన్, ప్రూఫు, ప్రింటింగ్, పంచడం అన్నీ అయిపోవాలి.

ఊర్లో ప్రెస్సుల్లో అడిగితే పార్టీల ఆర్డర్లు పట్టుకుని ఉన్నారు, నాలుగు రోజులు ఆగమన్నారు. నాలుగు రోజులాగితే ఇంక పంచేది ఎప్పుడు? వదిన పుట్టిల్లు చిత్తూరు గిరింపేట, వాళ్ళ నాన్న ఫోన్ చేసి ఇక్కడికి రండి నేను చూసుకుంటా అన్నాడు. అట్లా నేను, అన్న, వదిన తెల్లారి బస్సెక్కినాం, పలమనేరు మీదుగా మొగిలి ఘాట్ దిగేసరికి వాన పట్టుకుంది, ఆ నవంబర్ వానలు మన జిల్లాలో ఎవరూ మర్చిపోరు. ప్రెస్సుకి చేరేసరికి ముగ్గురం తడిసిపోయినాం, పెద్దాయన ముందు టవల్ తీసిచ్చినాడు, టీ తెప్పించినాడు, ఆ తర్వాతే ఏం పని అమ్మా అని వదినని అడిగినాడు. అన్నని కాదు, నన్ను కాదు, వదినని అడిగినాడు. చిన్న విషయం అనిపించొచ్చు, నాకు మాత్రం అది చానా నచ్చింది, ఎందుకంటే అప్పటిదాకా ఏ ఆఫీసుకి పోయినా ఏ షాపుకి పోయినా నిలబడేది ఆమె అయినా మాట్లాడేది అన్నతోనే.

ఇంక పని విషయం. అన్న 5 వేల కరపత్రాలు కావాలన్నాడు. పెద్దాయన వెంటనే రేటు చెప్పి అడ్వాన్సు తీసుకోవచ్చు, అట్లా చెయ్యలేదు. వార్డులో ఓట్లెన్ని అన్నాడు. సుమారు పదిహేను వందలు. ఇండ్లెన్ని? నాలుగు వందల పైన. అయితే 5 వేలు ఏం చేస్తావు నాయనా, కాలువలో పోస్తావా అన్నాడు. ఒక్కో ఇంటికి ఒకటి, పోయినవాటికి, తడిసినవాటికి కొన్ని, అన్నీ కలిపి వెయ్యి చాలు, మిగిలిన డబ్బుతో నమూనా బ్యాలెట్ వేసుకోండి, ఓటు ఎక్కడ గుద్దాలో ముసలోళ్ళకి చూపించేదానికి పనికొస్తుంది అన్నాడు. ఆయన మాట విన్నాం. వెయ్యి కరపత్రాలు, వెయ్యి నమూనా బ్యాలెట్లు, అన్నీ కలిపి 4 వేల లోపే అయింది, బిల్లు రాసిచ్చినాడు. బిల్లు అడక్కుండా రాసిచ్చినాడు చూడండి, ఎన్నికల ఖర్చు లెక్క మనం తర్వాత ఆఫీసులో చూపించాలి, చాలామంది దాన్ని మర్చిపోయి చివర్లో బిల్లుల కోసం తిరుగుతారు.

ఇప్పుడు అసలు విషయానికి వస్తా, నేను ఈ రివ్యూ రాసేది దీని కోసమే. అన్న నోట్‌బుక్కులో హామీలు రాసుకొచ్చినాడు, పదో పదకొండో ఉన్నాయి. అర్హులందరికీ ఇంటి స్థలం, కొత్త పెన్షన్లు, రేషన్ కార్డులు, ఉపాధి హామీ పని మళ్ళీ తెప్పిస్తాం, ఇంటి పన్ను రద్దు, యువకులకి ఉద్యోగాలు, ఇట్లా. పెద్దాయన కండ్లద్దాలు పెట్టుకుని మొత్తం చదివినాడు, చదివి పెన్సిల్ తీసుకుని ఒక్కోదాని పక్కన చిన్న గీత పెట్టి అడిగినాడు, అమ్మా ఇది కౌన్సిలర్ చేతిలో ఉండాదా అని. మేము ముగ్గురం ఒకరి ముఖం ఒకరు చూసుకున్నాం. నిజం చెప్పాలంటే మాకు తెలియదు. సర్పంచ్ ఏం చేస్తాడో తెలుసు, కౌన్సిలర్ ఏం చేస్తాడో ఊర్లో ఎవరికీ సరిగ్గా తెలియదు, అప్పటిదాకా ఊర్లో కౌన్సిలరే లేడు కదా.

ఆయన చెప్పినాడు, మా చిత్తూరు 2012లో కార్పొరేషన్ అయింది, చుట్టూ పల్లెలు కలిసినాయి, 2014లో ఎన్నికలు వచ్చినప్పుడు ఆ పల్లెల నుంచి నిలబడినోళ్ళు ఇదే లిస్టు పట్టుకుని వచ్చినారు, అప్పుడు నేను నోరెత్తకుండా అచ్చేసి ఇచ్చినాను, తర్వాత ఆ మనుషులు వీధిలో తలెత్తుకోలేక తిరిగినారు, అప్పట్నుంచి అడిగి వేస్తాండాను అన్నాడు. వేయనని కాదు, మీ కాగితం మీ ఇష్టం, కానీ అడుగుతాను అన్నాడు.

అట్లా ఒక గంట కూర్చున్నాం. పెన్షన్, రేషన్ కార్డు రాష్ట్ర ప్రభుత్వానివి, కౌన్సిలర్ అర్జీ పెట్టించగలడు, వార్డు సచివాలయంలో అడగగలడు, ఇప్పిస్తాం అని రాస్తే అబద్ధం అవుతుంది. ఇంటి స్థలం రెవెన్యూ వాళ్ళది. ఉపాధి హామీ పని చట్టమే గ్రామాలకి, ఊరు మున్సిపాలిటీ అయినాక ఆ పని ఉండదు, దాన్ని ఏ కౌన్సిలరూ వెనక్కి తేలేడు. ఇది విన్నప్పుడు వదిన ముఖం వాడిపోయింది, ఎందుకంటే మా వార్డులో కలిసిన పల్లె వీధిలో ఆడవాళ్ళు అందరూ అడిగేది అదే, మా పని కార్డు ఏమైందక్కా అని. వాళ్ళకి ఏం చెప్పాలి అని వదిన అడిగింది. ఉన్నది చెప్పు తల్లీ, ఇంకొకళ్ళు తెప్పిస్తామంటే ఎట్లా తెప్పిస్తారో అడగమని చెప్పు అన్నాడు ఆయన.

ఇంటి పన్ను సంగతి కూడా అంతే. రద్దు చేస్తాం అని రాసేది తప్పు. పన్ను మున్సిపాలిటీకి ఉండే పెద్ద ఆదాయం, దాంతోనే కాలువలు తీసేది, లైట్లు వెలిగేది. మన రాష్ట్రంలో అంతకుముందు అద్దె విలువ మీద పన్ను కట్టేవాళ్ళు, 2020లో చట్టం మార్చి ఆస్తి విలువ మీద పన్ను అన్నారు, ఇండ్లకి ఆ విలువలో 0.10 నుంచి 0.50 శాతం మధ్యలో, పాత పన్ను మీద ఏడాదికి 15 శాతం కంటే పెరగకూడదు అని కూడా పెట్టినారు. పంచాయతీ పన్ను కట్టే పల్లె మనిషికి ఇదంతా కొత్త, ఆరు నెలలకొకసారి లెక్క, ఖాళీ స్థలానికి కూడా పన్ను. నోటీసు చేతికొస్తే ఎవరి దగ్గరికి పోవాలో తెలియదు. కాబట్టి పన్ను రద్దు అనే మాట తీసేసి, నోటీసులో కొలత తప్పు ఉంటే గడువులోపల కమిషనర్‌కి అర్జీ రాసిచ్చి వెంట వస్తాను అని వదినే సొంతంగా చెప్పింది, పెద్దాయన రాసుకున్నాడు. సంఘం లెక్కలు రాసిన మనిషి కదా, అది ఆమె చేయగలదు.

చివరికి నాలుగు మాటలు మిగిలినాయి. పల్లె వీధి కాలువ పూడిక తీయించి పైన మూత వేయించేదానికి కౌన్సిల్లో అడుగుతాను. కరెంటు స్తంభాలున్నా లైట్లు లేని మలుపులు ఏవేవో పేరు పేరునా రాసినాం, మూడు మలుపులు. తాగే నీళ్ళు ఏ వీధికి ఎన్ని గంటలకి వస్తాయో బోర్డు పెట్టిస్తాను. పన్ను నోటీసు సాయం. ఇంకా కింద చిన్న అక్షరాల్లో, మున్సిపల్ చైర్మన్‌ని సర్పంచ్ లాగా మనం నేరుగా ఎన్నుకోము, గెలిచిన కౌన్సిలర్లు ఎన్నుకుంటారు, అందుకే మీ కౌన్సిలర్ ఎవరనేది ముఖ్యం అని రెండు లైన్లు. ఆ రెండు లైన్లు పెద్దాయన చెప్పినవే, ఇండ్లకి పోయినప్పుడు అందరూ ఆగి చదివింది అవే, చానామందికి ఆ సంగతి అప్పుడే తెలిసింది.

డీటీపీ, అంటే కంప్యూటర్లో మ్యాటర్ టైప్ చేసి డిజైన్ పెట్టే పని, చేసే అమ్మాయి గురించి చెప్పకపోతే అన్యాయం. నేను ఫోన్లో టైప్ చేసుకుని పోయిన మ్యాటర్ వాట్సాప్ చేసినా, అది ప్రెస్సుల్లో వాడే అను అనే తెలుగు ఫాంట్‌లోకి మార్చేసరికి ఒత్తులు అన్నీ చెదిరిపోయినాయి. వేరే షాపుల్లో అయితే అట్లాగే సర్దేసి ప్రింట్ కొడతారు. ఆ అమ్మాయి మొత్తం మళ్ళీ టైప్ చేసింది. నేను అభ్యర్ధి అని ధ ఒత్తు పెట్టినా, ఆమె తిప్పి చూసి, అన్నా ఇది థ, అభ్యర్థి, ఫ్లెక్సుల మీద సగం మంది తప్పే వేస్తారు, అని మార్చింది. ప్రూఫు తీసి వదిన చేతికి ఇచ్చి, వేలు పెట్టి ఒక్కో లైను చదవండక్కా, మీ ఇంటి పేరు, మీ ఆయన పేరు, వార్డు నంబరు, మూడూ రెండుసార్లు చూడండి అని చెప్పింది. వదిన చదువుతుంటే వార్డు నంబరు ఒకచోట ఒకటి, ఇంకోచోట ఇంకోటి ఉందని దొరికింది. అది నా తప్పే, నేను పంపిన మ్యాటర్‌లోనే అట్లా ఉంది. ప్రూఫు చూడకుండా ఓకే అని ఉంటే వెయ్యి కాగితాలు పారేయాల్సి వచ్చేది.

ఫోటో దగ్గర కాసేపు గొడవ అయింది. అన్న తన ఫోటో పెద్దగా, వదిన ఫోటో పక్కన చిన్నగా పెట్టమన్నాడు, అందరూ అట్లానే పెడతాండారు అని. మన దగ్గర ఆడవాళ్ళ సీటు అంటే ఎక్కువ ఫ్లెక్సుల్లో అదే కనపడుతుంది. వదిన ఏమీ అనలేదు, ఊరికే ఉండిపోయింది. ఆ డీటీపీ అమ్మాయి రెండు రకాలుగా పెట్టి స్క్రీన్ మీద చూపించింది, ఒకటి అన్న చెప్పినట్టు, ఇంకొకటి వదిన ఒక్కతే, సంఘం పుస్తకం చేతిలో పట్టుకున్న ఫోటో, అది వదిన ఫోన్లో దొరికిందే. చూసి అన్నే అన్నాడు, ఇదే బాగుంది, నన్ను తీసేయ్ అని. నాకు ఇప్పటికీ ఆ నిమిషం గుర్తుంది, బయట వాన, లోపల మిషన్ చప్పుడు, వదిన స్క్రీన్ వైపే చూస్తా ఉంది.

తమిళం కూడా వేయించినాం. కుప్పం అంటే తెలుగు, తమిళం, కన్నడం మూడూ ఉండే ఊరు, ఇంట్లో తమిళం మాట్లాడే పెద్దవాళ్ళకి తెలుగు చదవడం రాదు. ప్రెస్సులో తమిళం టైప్ చేసే మనిషి ఉన్నాడు, వేలూరు వైపు పెండ్లి పత్రికలు కూడా వీళ్ళే వేస్తారంట, కాబట్టి వెనక వైపు తమిళంలో అవే నాలుగు మాటలు. కన్నడం అడిగితే మాత్రం చేయలేము అన్నారు, మాకు చదివి తప్పు పట్టేవాళ్ళు లేరు, తప్పు పడితే మీకే నష్టం అని. అట్లా నిజం చెప్పినందుకు మంచిదే, కానీ కుప్పం వైపు వాళ్ళకి అది ఒక లోటు, కన్నడం కావాలంటే వేరే చోటు చూసుకోండి.

రూల్స్ విషయంలో పెద్దాయన చానా గట్టి. కరపత్రం అడుగున ప్రెస్ పేరు, అడ్రసు, వేయించినవాళ్ళ పేరు, ఎన్ని కాపీలు అనేది వేయకుండా ఒక్క కాగితం కూడా బయటికి పంపడు. ఒక ఫారం మీద అన్న సంతకం, ఇద్దరు సాక్షుల సంతకాలు తీసుకున్నాడు. నమూనా బ్యాలెట్ అసలు బ్యాలెట్ లాగా కనపడకూడదు అని వేరే రంగు కాగితం మీద, సైజు వేరేగా వేసినాడు, వదిన పేరు, గుర్తు తప్ప మిగిలినవాళ్ళ పేర్లు గుర్తులు వేయలేదు, ఆ గడులన్నీ ఖాళీ. ఆ ఖాళీ గడుల్లో వదినది ఎన్నోదో లెక్కపెట్టి చూపిస్తే ముసలోళ్ళకి బాగా అర్థమైంది.

లోపాలు కూడా చెప్పాలి. సాయంత్రం 5కి ఇస్తామన్నారు, రాత్రి 9 దాటింది, వానకి కరెంటు పోయి మిషన్ ఆగింది, జెనరేటర్ లేదు. చివరి బస్సు పోయింది, గిరింపేటలోనే పడుకున్నాం, ప్రచారంలో ఒక పూట పోయింది, వారంలో ఒక పూట అంటే చిన్నది కాదు. కట్టలో ఒక వంద దాకా సిరా ఆరకుండానే పేర్చినందుకు వెనక వైపు మరకలు పడినాయి, ఊరికొచ్చి విప్పినాకే చూసినాం. ఫోన్ చేస్తే ఏమీ వాదించకుండా మరుసటి రోజు ఆర్టీసీ కార్గోలో వేరేవి పంపినాడు, డబ్బు అడగలేదు. కూర్చునేదానికి చోటు లేదు, రెండు స్టూళ్ళే, అక్కడా కాగితం కట్టలు పెట్టుంటారు. ఫ్లెక్స్ వాళ్ళు వేయరు, దానికి మేము వేరే షాపుకి పోయినాం, ఆ షాపువాళ్ళు వదిన ముఖాన్ని ఎంత తెల్లగా చేసినారంటే సంఘంలో ఆడవాళ్ళే ఇది ఎవరక్కా అని అడిగినారు, ముక్కుపుడక కూడా కనపడకుండా చెరిపేసినారు. రెండు ఫ్లెక్సుల డబ్బు దండగ. ప్రెస్సు కాగితంలో నలుపు తెలుపులో ఉన్న ఫోటోనే జనం గుర్తుపట్టినారు.

కాగితం క్వాలిటీ మంచిది, పల్చటిది కాదు, తడి చేత్తో పట్టుకున్నా చిరగలేదు. కట్టలకి పైన రెండు పొరలు ప్లాస్టిక్ చుట్టి ఇచ్చినాడు, ఆ వానలో అది లేకపోతే అన్నీ ముద్దయ్యేవి. తెల్లారి బెంగుళూరు రైలుకి పనికి పోయేవాళ్ళని స్టేషన్ బయట పట్టుకుని ఇచ్చినాం, రైల్లో చదువుకుంటారు కదా, మధ్యాహ్నం ఇండ్లల్లో ఎవరూ ఉండరు. రాత్రి మళ్ళీ ఇండ్లకి పోయినాం. పల్లె వీధిలో ఒక అవ్వ తమిళం వైపు తిప్పి పైకి చదివింది, మెల్లగా, ఒక్కో అక్షరం కూడబలుక్కుని, చదివి మలుపు కాడ లైటు సంగతి రాసినారే, అని ఆశ్చర్యపోయింది. ఆ లైటు లేక ఆమె ఒకసారి అక్కడే పడిందంట.

ఫలితం 17న వచ్చింది. 25లో 19 వైఎస్సార్‌సీపీ, 6 టీడీపీ. వదిన మూడో స్థానంలో ఆగింది. ప్రెస్సు కాగితం బాగుంటే గెలుస్తారని నేను చెప్పడం లేదు, పార్టీల ముందు ఇండిపెండెంట్‌కి అది చానా కష్టం. కానీ ఓడిపోయినాక కూడా ఆ కాగితం పట్టుకుని మా ఇంటికి మనుషులు వచ్చినారు. పన్ను నోటీసు సాయం అని రాసినావు కదమ్మా, ఇది చూడు అని. వదిన ఓడిపోయినాను కదా అనలేదు, కూర్చోబెట్టి టేపుతో కొలత చూసుకుందాం రా అని వాళ్ళ ఇంటికి పోయి కొలిచి అర్జీలు రాసింది. అన్న మొదట రాసుకొచ్చిన పదకొండు హామీలతో వేయించి ఉంటే ఆ మనుషుల ముందు మేము ఏం చెప్పేవాళ్ళం, నాకు తెలియదు.

ఈసారి నిలబడేవాళ్ళకి నాలుగు మాటలు. గుర్తు రాకముందే పోయి మ్యాటర్, ఫోటో రెడీ చేసుకోండి, గుర్తు వచ్చిన రోజు ఆ బొమ్మ ఒకటి పెట్టుకుంటే సరిపోతుంది, మాలాగా చివర్లో పరిగెత్తొద్దు. ఓటర్ల లిస్టు చూసి ఇండ్ల లెక్క వేసుకుని పోండి, ఆయన అడిగేది మొదట అదే. వయసు 21 నిండి ఉండాలి. ఇద్దరు పిల్లల కంటే ఎక్కువ ఉంటే పోటీ చేయకూడదు అనే రూలు 2024లో తీసేసినారు, ఆ భయంతో వెనక్కి తగ్గిన ఆడవాళ్ళు మా సంఘంలోనే ఉండారు, వాళ్ళు ఇప్పుడు ఆలోచించుకోవచ్చు. నామినేషన్ల టైములో ప్రెస్సులో రద్దీ బాగా ఉంటుంది, పొద్దున్నే పోండి, ఆదివారం మధ్యాహ్నం దాకే తీసి ఉంటారు. ఆడ మనిషి నిలబడితే ఆమెనే వెంట తీసుకుని పోండి, ప్రూఫు ఆమె చేతనే చదివించండి.

నేను 5కి 4 ఇస్తాను, ఆ ఒకటి లేట్ చేసినందుకు. జెనరేటర్ ఇప్పుడు పెట్టించినారంట, పోయిన నెల వదిన ఫోన్ చేసి కనుక్కుంది. రేటు పెరిగిందని చెప్పినాడంట, కాగితం ధర ఎక్కువైంది కాబట్టి. అది చెప్పి, ఆ మూడు మలుపుల్లో లైట్లు వచ్చినాయా తల్లీ అని అడిగినాడంట. రెండు వచ్చినాయి, ఒకటి రాలేదు అని వదిన చెప్పింది.